పన్నెండు వందల పన్నెండో రాత

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఈ లోకంలో ఏదైనా మూతపడితే మూతపడుతుందే గానీ, ఎక్కడికీ పోదని. ఇది పుస్తకాలు చదివి తెచ్చుకున్న వేదాంతం కాదు, ఊరిగాంలో పుట్టినందుకు ఊరికే అబ్బింది. మా ఊళ్ళో బంగారు గని మూశారు. మూసినా గని నోటి మీది ఆ పొడుగాటి ఇనుప చట్రమూ, దాని నెత్తిన చక్రమూ ఆకాశంలో అలాగే నిలబడి ఉన్నాయి. కంపెనీ ఆసుపత్రి మూశారు. లోపల ఇనుప మంచాలు ఇప్పటికీ వరుసగా ఉన్నాయని కిటికీలోంచి చూస్తే తెలుస్తుంది. సినిమా హాలు మూశారు, టికెట్టు కిటికీ మీద తరగతుల పేర్లు ఇంకా చదువుకోవచ్చు. మూసిన ప్రతిదానికీ ఒక గేటు, గేటుకొక తాళం, తాళం పక్కన స్టూలు మీద ఒక వాచ్‌మన్. ఆ వాచ్‌మన్ ఎలాగూ మన చిన్నాన్నకో పెదనాన్నకో తెలిసినవాడై ఉంటాడు. "అన్నా, సల్పసేపు లోపల చూసొస్తాము" అంటే తాళం తీస్తాడు. అలాంటి ఊళ్ళో పెరిగిన పిల్ల చేతికి మౌసు ఇచ్చి "పాతది మూసి కొత్తది తెరువు" అన్న పెద్దమనిషిది కూడా కొంత తప్పుందని ఇప్పటికీ నా వాదన. (ఆ వాదన ఆ పెద్దమనిషి ముందు మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు.)

అప్పట్లో మా ఊరు ఊరంతా పొద్దున్నే బెంగళూరు రైలెక్కేది. నేనొక్కదాన్నే అందరికీ ఎదురు దిక్కుగా కోలారు బస్సెక్కేదాన్ని. చదువు ముగిశాక దొరికిన మొదటి ఉద్యోగం. కోలారు శివార్లలోని తమకలో, అరిగిన టైర్లకు కొత్త రబ్బరు వేసే షాపు మీద రెండు గదుల ఆఫీసు. కిందనుంచి రబ్బరు కాలిన వాసన, పైన మేము ఐదుగురం. పల్లెల్లో పాడి ఆవుల సంగతులు రాసి పెట్టుకునే సాఫ్ట్‌వేర్ మాది. ఏ ఆవు ఎప్పుడు ఈనింది, ఏ దూడకు ఏ టీకా పడింది, ఏ ఆవు ఏ రోజు మేత ముట్టలేదు, ఇవన్నీ అందులో ఉండేవి. చుట్టుపక్కల పాల సంఘాలవాళ్ళు దాన్ని వాడేవారు. నేను ఇంజనీరునని ఎన్నిసార్లు చెప్పినా మా అమ్మ పక్కింటివాళ్ళతో "మా పాప ఆవులాఫీసులో చేస్తాది" అనే చెప్పేది. ఆ మాటకు అప్పుడు ఉడుక్కునేదాన్ని. ఇప్పుడు ఇన్నేళ్ళ తర్వాత నేను చేసిన ఉద్యోగాలన్నిట్లోకీ చెప్పగానే అర్థమయ్యే పేరు దానికొక్కదానికే ఉందనిపిస్తుంది.

ఆ ఆఫీసు మా సార్‌ది. ఆయనకు మేము చాటుగా పెట్టుకున్న పేరు క్యాలెండర్ సార్. ఎందుకో చెప్పాలంటే పని గురించి కొంచెం చెప్పాలి. సాఫ్ట్‌వేర్‌లో ఏ చిన్న మార్పు చేసినా, అది ఎందుకు చేశామో పక్కన ఒక ముక్క రాయాలి. ఆ మార్పూ ఆ రాతా వరుస నంబరుతో ఒకచోట భద్రంగా ఉంటాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి పోయి చూసుకోవచ్చు. దాన్ని వెర్షన్ కంట్రోల్ అంటారు. మాది ఇంటర్నెట్‌లో, ఎక్కడో వేరే దేశపు సైటువాళ్ళ దగ్గర ఉండేది. మా ఆఫీసు పద్ధతి ఏమిటంటే, మేము పగలంతా చేసిన మార్పులను సాయంత్రం సార్ ఒక్కరే కూర్చుని చూసి, అన్నీ కలిపి ఒకే రాతగా ఎక్కించేవారు. రోజుకొక్కటి. ఎక్కించాక లేచి, గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీ గడిలో ఆ నంబరును పెన్సిలుతో రాసి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని ఇంటికి వెళ్ళేవారు. నాలుగేళ్ళుగా ఒక్క పనిరోజు కూడా తప్పలేదు.

మామూలు మనుషులైతే అక్కడ "తేదీ తప్పు సరిచేశాను" అని రాసి వదిలేస్తారు. మా సార్ మనిషి ఎదుట రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. మాట్లాడనివన్నీ అక్కడ రాసేవారు, ఇంగ్లీషు అక్షరాల్లో మన తెలుగు. "దూడ పుట్టిన తేదీ రెండు తూర్లు పడేది సరిచేసినా. కిటికీ తీస్తే మామిడి పూత వాసన. రబ్బరు వాసన ఓడిపోయింది." ఇంకొకటి: "ఒక ముసలాయన తన ఆవుకు నంబరు ఇచ్చినామని అలిగినాడు. పేరు రాసే గడి పెట్టినా. ఆ ఆవు పేరు కావేరి. ఆయప్ప నవ్వినాడు." వేరొకటి కేవలం ఇంత: "ఏమీ సరిచేయలే. వాన చూస్తా కూకోనుంటి." మధ్యాహ్నం అందరూ టీకి దిగినప్పుడు నేను చిత్రాన్నం డబ్బా తెరుచుకుని ఆ రాతలు మొదటి నంబరు నుంచి చదివేదాన్ని. చదువుతుంటే ఆ రెండు గదులు పెద్దవయ్యేవి. తమక వీధులు, ఆవులు, నాకు తెలియని వానలు, నేను చేరకముందటి ఎండాకాలాలు కళ్ళ ముందు నడిచి వెళ్ళేవి. అన్నం మెతుకులు ఎండిపోయేవి. ఒకరి డైరీని చాటుగా చదువుతున్నానన్న సిగ్గు కూడా ఉండేది గానీ, అది అన్నంలో పచ్చిమిరపకాయలాగా పక్కన తీసిపెట్టేదాన్ని.

ఇంట్లో ఇంకొక లెక్కలమనిషి ఉండేవాడు, మా తాత. గని నడిచినన్నాళ్ళూ ఆయన పైన గంట కొట్టే పని చేశాడు. కూలీలు భూమిలోకి దిగేది, పైకొచ్చేది కేజిలో. లిఫ్టులాంటిదే, అద్దాలు ఉండవు. దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ తీసుకుపోవాలి, పైకొచ్చాక బోర్డు మీద తన మేకుకు తగిలించాలి. చివరి మేకుకు బిళ్ళ పడితే గానీ తాత షిఫ్టు ముగిసిందని గంట కొట్టేవాడు కాదు. గని మూసినా ఆయనలో ఆ గంట మూతపడలేదు. మా క్వార్టర్స్‌లో ప్రతి సాయంత్రం గడప దగ్గర నిలబడి చెప్పులు లెక్కపెట్టి, జతలు సరిపోతేనే తలుపు గడియ పెట్టేవాడు. ఒకసారి పక్కింటి ఆంటీ కొత్తిమీరకని వచ్చి, కబుర్లలో పడి, పెరటి దోవన వట్టికాళ్ళతో వెళ్ళిపోయింది. తాత ఆ జత పట్టుకుని ఇల్లంతా, మంచాల కింద కూడా వెతికాడు. మేమంతా పడీపడీ నవ్వాము. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే.

ఇంతలో లోకమంతా వెర్షన్ కంట్రోల్‌లో కొత్త పద్ధతికి మారడం మొదలైంది. మేము వాడే సైటువాళ్ళు కూడా ఇష్టమైతే మారండి అన్నారు. ఒక బుధవారం పొద్దున సార్ సంచి భుజాన వేసుకుని నా బల్ల దగ్గర ఆగారు. "ముళబాగిలు పక్క పల్లెలకి పోతుండా. శనివారం వస్తా. కొత్త పద్ధతికి మార్చేది నువ్వే చెయ్యి పాపా." తర్వాత క్యాలెండర్ వైపు చూశారు. మంగళవారం గడిలో 1212 అని ఉంది. "పన్నెండు వందల పన్నెండు ఉండాయి. అన్నీ రావాల. అవి తప్ప నా దగ్గర వేరే ఏమీ రాసి పెట్టుకోలే." ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేను చూడటం అదే మొదలు. నా గుండె పొంగిపోయింది. ఆ పొంగులో అసలు మాట వినపడిందే గానీ లోపలికి దిగలేదు.

సైటులో మా ప్రాజెక్టు పేజీ తెరిచాను. ఏ పద్ధతి కావాలో ఎంచుకునే చోటు, కింద ఒక బటను, బటను కింద ఎర్రటి చిన్న అక్షరాల్లో ఒక వాక్యం. పద్ధతి మారిస్తే పాతది ఇక మీకు అందుబాటులో ఉండదు, కాపీ తీసుకుని ఉంచుకోండి అని. చదివాను. చదవలేదని మాత్రం ఎవరూ అనకూడదు. అయితే దాన్ని నేను ఊరిగాం భాషలో చదువుకున్నాను. అందుబాటులో ఉండదంటే ఏముంది, గేటుకు తాళం వేస్తారు. మా గని కూడా అందుబాటులో లేదు, అయినా అక్కడే ఉంది కదా. కాపీ అంటారా, మా ఐదుగురి కంప్యూటర్లలోనూ ఐదు కాపీలున్నాయి. (ఆ పాత పద్ధతిలో మన కంప్యూటర్‌లో ఉండేది సాఫ్ట్‌వేర్ నేటి రూపం మాత్రమేననీ, నిన్నటి రూపాలూ రాతలూ అన్నీ సైటువాళ్ళ దగ్గరే ఉంటాయనీ నాకు తెలుసు. తెలిసిన విషయం అవసరమైనప్పుడు గుర్తుకు రాకపోవడం చదువుకున్నవాళ్ళకే పట్టే జబ్బు.) పైగా మా ఊళ్ళో ఒక క్వార్టర్స్ నుంచి ఇంకొక క్వార్టర్స్‌కు మారేటప్పుడు ముందు కొత్త ఇంటి తాళంచెవి చేతికి తీసుకుంటాము. సామాను నిదానంగా పదిరోజులు మోస్తాము. పాత ఇల్లు ఎక్కడికి పోతుంది. అలాగే ముందు కొత్తది తెరిచి, చరిత్ర నిదానంగా మోసుకుందామనుకున్నాను. బటను నొక్కాను.

కొత్త ఇల్లు సున్నం వేసినంత తెల్లగా తెరుచుకుంది. నేటి రూపాన్ని అందులో పెట్టాను. పైన నంబరు చూపించింది: ఒకటి. ముద్దుగా అనిపించింది. చిత్రాన్నం తినేసి, చేయి కడుక్కుని, సామాను మోద్దామని పాత ఇంటి చిరునామా కొట్టాను. అలాంటి పేజీ లేదంది. ఇంకోసారి కొట్టాను. లేదంది. గేటు కోసం వెతికాను, తాళం కోసం వెతికాను, ఇనుప చట్రం కోసం వెతికాను. ఏమీ లేదు. ఉండేదని చెప్పడానికి ఒక రాయి కూడా లేదు. అప్పటికీ ధైర్యం చెడలేదు. వాచ్‌మన్ ఉంటాడుగా అనుకుని ఆ సైటువాళ్ళకు వినయంగా ఒక ఉత్తరం రాశాను. పాతదాన్ని దయచేసి ఒక్క అరగంట తెరవండి, చూసుకుని మళ్ళీ మూసేస్తాము అని. గురువారం మధ్యాహ్నం జవాబొచ్చింది. పద్ధతి మార్చగానే పాతది చెరిగిపోతుంది, తిరిగి తెచ్చే వీలు లేదు, ఈ సంగతి బటను కింద రాశాము, మా సేవలు వాడుతున్నందుకు ధన్యవాదాలు. ఆ చివరి ధన్యవాదాలకు నాకు ఏడుపొచ్చింది. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. గోడ మీద మంగళవారం గడిలో 1212 నన్నే చూస్తున్నట్టుంటే, కుర్చీ తిప్పుకుని కూర్చున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చి గడపలో కూలబడ్డాను. చెప్పులు లెక్కపెట్టడానికి వచ్చిన తాత నన్ను చూశాడు.

"ఏం పాపా, ఇట్ల కూకోనుండావు. టీ కూడా తాగలేదంటనే."

"పైన మూసేసినాను తాతా. సార్ రాసిందంతా లోపల ఉండిపోయింది."

ఏం మూశానో, ఏం ఉండిపోయిందో ఆయనకు అర్థమయ్యేలా చెప్పాను. అంతా విని, నా పక్కన మెల్లిగా కూర్చున్నాడు.

"మూసే ముందు బిళ్ళలు చూసినావా?"

"లేదు."

"చూడకుండానే గంట కొట్టేసినావు."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గడపలో చెరో పక్క పడున్న నా చెప్పులను జతగా సర్దాడు. ఎదురుగా, బంగారం తీశాక పారబోసిన సైనైడ్ దిబ్బల మీద సాయంత్రపు ఎండ కాషాయంగా పడుతోంది. ఆ దిబ్బల మట్టి అంతా ఒకప్పుడు భూమి లోపల ఉండేదని, మా తాతలాంటివాళ్ళు పైకి తెచ్చి పోశారని, కిందకు తిరిగి పోసినవాళ్ళు ఎవరూ లేరని ఏవేవో ఆలోచనలు వచ్చాయి. నా మనసు అప్పుడు ఏడవాలా కల కనాలా తేల్చుకోలేకుండా ఉంది.

"ఒక మాట విను," అన్నాడు తాత. "మా కాలంలో కేజి దిగే షాఫ్టు ఒకటి మూసుకుపోతే, లోపలోళ్ళు పక్క షాఫ్టు దోవన పైకొచ్చేవాళ్ళు. లోపల్లోపల దోవలుంటాయి. మనం ఇక్కడ ఏడుస్తా ఉంటే, వాళ్ళు ఆ పక్క బీడీ తాగతా కూర్చోనుంటారు. ఇంగ ఎవురన్నా వేరే దోవలో తెచ్చుకోనుండారేమో అడుగు. అడగకుండా ఏడవద్దు."

శుక్రవారం పొద్దున సిగ్గు చంపుకుని ఆఫీసులో అడిగాను. ముందు అడిగింది బస్సన్నను. ఈయన బేతమంగళ నుంచి వచ్చేవాడు, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. ఏ మాటైనా "బస్సు రాలేదు" అనో "బస్సు వచ్చింది కానీ" అనో మొదలుపెట్టేవాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. అంతా విని, టీ గ్లాసు కింద పెట్టకుండానే అన్నాడు.

"నా దాంట్లో మొత్తం ఉండాది కదమ్మా."

"మొత్తమంటే?"

"మొదటి నంబరు నించి. బస్సులో సిగ్నల్ రాదు. వెనకటివి చూడాలంటే సైటు కావాల. అందుకని ఆ కొత్త పద్ధతి మనకంటే ముందే నా ల్యాప్‌టాప్‌లో పెట్టుకోని, పాతవన్నీ దింపుకున్నాను. దాంట్లో ఒక కాపీ అంటే చరిత్రంతా వస్తాది."

"ల్యాప్‌టాప్ యాడ ఉండాది అన్నా?"

అప్పుడు మాత్రం గ్లాసు కింద పెట్టాడు. "ఇంట్లో. పురుగుల ఇంట్లో."

బేతమంగళ బస్సులో వెళ్తూ ఆ సంగతంతా చెప్పాడు. వాళ్ళది పట్టుపురుగులు పెంచే ఇల్లు. రెండు వారాలుగా పంట మీదున్నారు. పురుగులున్న గదిలో వేడి ఎక్కువైతే మోగేలా ఒక చిన్న ప్రోగ్రాం రాసి, ల్యాప్‌టాప్‌ను ఆ గదిలోనే స్టూలు మీద పెట్టాడు. కిటికీ బయట రాగి చేలు, పూతతో బరువెక్కిన మామిడి తోటలు వెనక్కి పోతున్నాయి. ఒక మలుపు తిరిగాక చెరువు కనిపించింది, ఎండలో వెడల్పుగా, ఏ పనీ లేనట్టుగా. ఒకప్పుడు మా ఊరి కొళాయిలన్నిటికీ ఈ నీళ్ళే వచ్చేవట. మా తాత తనను తాను "బేతమంగళ నీళ్ళు తాగిన వొళ్ళు" అని చెప్పుకునేవాడు. పోయిందంతా ఈ నీళ్ళ దగ్గర దొరుకుతుందేమో అనిపించింది. ఉద్యోగం పోయే మనిషికి ఉండాల్సిన ఆలోచనలు కావు అవి.

బస్సన్న వాళ్ళమ్మ వాకిట్లోనే నన్ను ఆపేసింది. ఎగాదిగా చూసింది. "పూలు పెట్టుకోని వచ్చినావు, మొగానికి పౌడరు పూసినావు. ఆ వాసనకి పురుగు ఆకు ముట్టదు. పో, కొళాయి దగ్గర కడుక్కోని రా తల్లీ." కడుక్కొచ్చాను. మల్లెపూలు దాని మానాన అది తింటుందని పక్కనున్న దూడకు ఇచ్చాను. ల్యాప్‌టాప్ కావాలన్నాం. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నాలుగో జ్వరంలో పడుకోనుండాయి. నిన్న పడుకున్నాయి. లేచేదాకా ఎవురూ పోకూడదు. నేనే పోను."

చెప్పుకోవాలి గనక చెబుతున్నాను: పట్టుపురుగు నాలుగుసార్లు తిండి మానేసి, తల పైకెత్తి కదలకుండా పడుకుని, పాత చర్మం విడిచి లేస్తుంది. దాన్నే వాళ్ళు జ్వరం అంటారు. ఒక రోజు పైనే పడుతుంది. నేను కిటికీ వలలోంచి తొంగిచూశాను. తట్టల నిండా వేల పురుగులు తలలెత్తి, ఏదో వింటున్నట్టు నిశ్శబ్దంగా ఉన్నాయి. వాటి మీద చల్లిన సున్నం పొడి. స్టూలు మీద సగం తెరిచిన ల్యాప్‌టాప్, దాని మీద కూడా సున్నం. అందులో మా సార్ నాలుగేళ్ళు.

"సాయంత్రానికి లేస్తాయిలే, బేజారు పడొద్దు," అన్నదామె. రాగి సంగటి పెట్టింది, పప్పు పోసింది. తిన్నాక వరండాలో కూర్చున్నాను. అంత పొడుగు మధ్యాహ్నం నా జీవితంలో మళ్ళీ రాలేదు. గాలి చెరువు మీంచి వచ్చి మల్బరీ ఆకులను కదిలించి పోయేది. బస్సన్న స్తంభానికి ఆనుకుని కునుకు తీశాడు. నేను కళ్ళు మూసుకుంటే సార్ రాతలు ఒక్కొక్కటిగా వచ్చి పక్కన కూర్చునేవి, కావేరి ఆవు, వాన, మామిడి పూత. భయం ఎక్కడో దూరంగా ఉంది. ఏమీ చెయ్యలేని చోట కూర్చోబెడితే మనిషికి ఎంత హాయో అప్పుడు తెలిసింది.

నాలుగు గంటలకు ఆమె లోపలికి పోయి వచ్చి, "లేచినాయి" అన్నది. నేను లేచాను. "నువ్వు కూకో. ఒకటి లేవలే."

ఆకుతో పాటు జారిపడిందో, పాకిందో, ఒక పురుగు ల్యాప్‌టాప్ మీటల మధ్య చేరి అక్కడే జ్వరానికి పడుకుంది. మూత వేస్తే నలుగుతుంది. కదిలిస్తే చర్మం సరిగ్గా విడవదు. "ఒక్క పురుగే కదమ్మా," అన్నాడు బస్సన్న, నా ముఖం చూడలేక. ఆమె కొడుకు వైపు తిరిగింది.

"ఒక్కటైతే? అన్నీ లేస్తే గానీ ఆకు వేయను నేను. ముందు లేచినదానికి వేస్తే వెనక లేచేది ఎప్పటికీ వెనకే పడిపోతాది. మీ అవ్వ నేర్పింది ఇదే."

అలా వేల పురుగులు ఆకలితో తలలూపుతూ, మేము ముగ్గురం వాకిట్లో, పన్నెండు వందల రాతలు సున్నం కింద, అందరం ఆ ఒక్క పురుగు కోసం కాచుకుని ఉన్నాము. (వెనక లేచే పురుగుల్లో నూటికి ఇన్నని వదిలేస్తారని, మరీ ఒక్కదాని కోసం ఎవరూ ఆగరని తర్వాత ఇంకెవరో చెప్పారు. ఆమె ఆగింది. మా ఎదుట కొడుక్కు పాఠం చెప్పడానికే ఆగిందేమో.) చివరికి అది కదిలింది. పాత చొక్కా మీటల మీదే విడిచేసి, కొత్త ఒంటితో బద్ధకంగా తల తిప్పింది. ఆమె దాన్ని ఆకు మీదికి ఎక్కించుకుని తట్టలో చేర్చి, ల్యాప్‌టాప్‌ను గుడ్డతో తుడిచి నా చేతికిచ్చింది. వెనకనుంచి తట్టల్లో ఆకు నమిలే చప్పుడు మొదలైంది, సన్నటి తుంపర పడుతున్నట్టు. నేను అక్కడే గడపలో కూర్చుని లెక్క చూశాను. పన్నెండు వందల మూడు.

ల్యాప్‌టాప్ గదిలోకి పోయి రెండు వారాలు. ఆదివారాలు తీసేస్తే మంగళవారం దాకా తొమ్మిది రాతలు. ఆ తొమ్మిది ఇందులో లేవు. ఇంటికొచ్చి చెబితే తాత వేళ్ళు మడిచి చూశాడు. "తొమ్మిది మంది ఇంగా కిందనే ఉండారు. గంట కొట్టద్దు," అన్నాడు.

శనివారం పొద్దున ఆఫీసుకు పోయి, కొత్త ఇంట్లోని ఆ ఒకటిని తీసేసి, ఉన్నవన్నీ అక్కడికి చేర్చాను. తర్వాత ఖాళీ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. చాటుగా చదివిన పాపం అప్పుడు పనికొచ్చింది. గత రెండు వారాలవీ మధ్యాహ్నాలు చదివినవే. "టీకా గుర్తు చేసేది ఒక దినం ముందే మోగేది సరిచేసినా. కింద టైరు షాపులో ఎవరో ఈల వేస్తుండారు, పాట తెలియలే." ఇలా ఒక్కొక్కటి, మాటకు మాట, కళ్ళు మూసుకుని పైకి తెచ్చాను. ఎనిమిది వచ్చాయి, ఎక్కించాను. తొమ్మిదోది రాలేదు. ఎందుకంటే అది నేను చదవనే లేదు. మంగళవారం సాయంత్రం నేను వెళ్ళాక సార్ రాసింది. బుధవారం చదువుదామంటే, మధ్యాహ్నం లోపలే అంతా చెరిపేశానుగా.

పన్నెండింటికి సార్ వచ్చారు. సంచి దించి ముందు క్యాలెండర్ చూశారు, తర్వాత నా తెర చూశారు. పన్నెండు వందల పదకొండు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను అంతా చెప్పాను, బటను, వాచ్‌మన్, ధన్యవాదాలు, పురుగు, ఏదీ దాచలేదు. ఆయన నేను రాసిన ఎనిమిదీ చదివారు.

"ఈల సంగతి నేను ఇంత బాగా రాయలే."

"ఇట్లనే రాసినారు సార్."

"నీకెట్ల తెలుసు?"

దొరికిపోయాను. మధ్యాహ్నాలు చదువుతానని చెప్పాను. మొదటి నుంచీ అన్నీ చదివానని, నాలుగైదు వందలైతే రెండుసార్లు చదివానని కూడా చెప్పేశాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చెవి మీది పెన్సిలు తీసి చూసుకుని మళ్ళీ అక్కడే పెట్టుకున్నారు. ఒకరైనా చదువుతున్నారని ఆయనకు తెలియదు, తెలిసి ఉంటే రాసేవారు కాదు. నాకు భయం కన్నా ఎక్కువ బాధ వేసింది ఆ క్షణాన. ఆయన నాలుగేళ్ళ ఏకాంతం నేను కాపాడినదీ అవును, దోచుకున్నదీ అవును.

"తొమ్మిదోది నేను చూడలేదు సార్. మీకు గుర్తుంటే చెప్పండి, ఎక్కిస్తాను."

"గుర్తుండాది," అన్నారు. నన్ను లెమ్మని సైగ చేసి నా కుర్చీలో కూర్చుని, తెర నావైపు నుంచి పక్కకు తిప్పుకుని, రెండే వేళ్ళతో టైపు చేశారు. నంబరు పన్నెండు వందల పన్నెండు అయింది. "సోమవారం చదువుకో. ఇప్పుడు ఇంటికి పో," అని సంచి తీసుకుని వెళ్ళిపోయారు. ఇంటికి పోయి తాతకు అందరూ పైకొచ్చారని చెబితే, ఆయన నిజంగానే వీధిలోకి చూస్తూ చేత్తో గాలిలో గంట కొట్టాడు.

సోమవారం మధ్యాహ్నం చిత్రాన్నం డబ్బా తెరిచి ఆ రాత తీశాను. ఇలా ఉంది: "టీకా పేజీలో రంగు మార్చినా. కొత్త పద్ధతికి మార్చే పని రేపు ఊరిగాం పాపకు ఇస్తా. జాగ్రత్త గల పిల్ల. ఇంగ నాకు భయం లేదు."

అంతే. మంగళవారం ఎలా రాశారో శనివారం కూడా అలాగే రాశారు. జరిగిందంతా విన్నాక ఒక్క మాటైనా మార్చి ఉండొచ్చు, ఆ మూడో వాక్యం వదిలేసి ఉండొచ్చు. నాకెలాగూ తెలిసేది కాదు. డబ్బా మూతపెట్టి, మెట్లు దిగి, టైరు షాపు వెనక నిలబడి కాసేపు ఏడ్చాను. కాసేపు నవ్వాను.

ఇప్పుడు నేను కూడా పొద్దున్నే బెంగళూరు రైలెక్కే జనంలో ఒకదాన్ని. ఎన్నో ప్రాజెక్టులు పాత ఇళ్ళలోంచి కొత్త ఇళ్ళకు మార్చాను. నా బల్ల పక్కన గోడకు క్యాలెండరుంది, గడుల్లో పెన్సిలుతో నంబర్లున్నాయి, ఆఫీసులోవాళ్ళు నాకు చాటుగా ఏదో పేరు పెట్టే ఉంటారు. ఇంట్లో సాయంత్రాలు గడపలో చెప్పులు లెక్కపెట్టే పని కూడా ఇప్పుడు నాదే. ఏదైనా మూసే బటను నొక్కే ముందు ఆ పన్నెండు వందల పన్నెండో రాతను ఒకసారి తీసి చదువుకుంటాను. ఎవరీ జాగ్రత్త గల పిల్ల, పూలు పెట్టుకుని, పౌడరు పూసుకుని, లోకంలో ప్రతి గేటు దగ్గరా ఒక వాచ్‌మన్ ఉంటాడని నమ్ముకుని బస్సెక్కిన ఈ పిల్ల, అనుకుంటాను. కొంచెం ముచ్చట వేస్తుంది. చేయి మౌసు మీంచి దానంతటదే వెనక్కి వచ్చేస్తుంది. మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెడతాను.